డాక్టరల్ క్యాప్‌స్టోన్‌కు మెంటర్‌గా ఉండటం: 14 వారాలకు ముందు జరగవలసిన పని

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను. మీరు భారతదేశంలో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, గాయం, వైకల్యం ఉన్నవారు రోజువారీ పనులు చేసుకోగలిగేలా తోడ్పడే వృత్తి) బ్యాచిలర్ డిగ్రీ చేసి, అమెరికాలో కొన్నేళ్లు ఆసుపత్రుల్లో పనిచేసి, పోస్ట్ ప్రొఫెషనల్ డాక్టరేట్ (వృత్తిలో ఉన్నవారు చేసేది) పూర్తయ్యాక ఈ ఏడాదే ఒక ఎంట్రీ లెవల్ ఓటీడీ (వృత్తిలో ప్రవేశానికి చదివే ఆక్యుపేషనల్ థెరపీ డాక్టరేట్) ప్రోగ్రాంలో అధ్యాపకురాలిగా చేరారు. నలుగురు విద్యార్థుల డాక్టరల్ క్యాప్‌స్టోన్‌కు, అంటే చదువు చివర ఒక సంస్థలో (సైట్‌లో) చేసే ప్రాజెక్టుకు, మిమ్మల్ని ఫ్యాకల్టీ మెంటర్‌గా నియమించారు. అంశం ఎంపికలో ఎంతవరకు కల్పించుకోవాలి, వారు రాసి పంపినదాన్ని ఎంతవరకు దిద్దాలి, సైట్‌లో పని మధ్యలో తలకిందులైతే ఏం చేయాలి అని మూడు విషయాలు అడిగారు.

ఈ పనిని చాలాకాలంగా చేస్తున్నదాన్ని కనుక నా అనుభవంలో స్థిరపడిన అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. మీ మూడో ప్రశ్నకు జవాబు చాలావరకు మొదటి ప్రశ్నలోనే ఉంది. సైట్‌లో తలకిందులయ్యే ప్రాజెక్టుల్లో అధిక భాగం, అక్కడి మనుషులు చెప్పేది విద్యార్థి వినకముందే కాగితం మీద పూర్తయిపోయినవి. నాట్లు పడ్డాక దుక్కి దున్నడం ఎవరివల్లా కాదు. అందువల్ల ఈ సమాధానంలో ఎక్కువ భాగాన్ని 14 వారాల అనుభవం మొదలు కావడానికి ముందున్న నెలలకే కేటాయిస్తున్నాను.

నియమాల సంగతి మీకు కొంత తెలిసే ఉంటుంది, అయినా కొత్తగా చేరినవారు వాటి అంతరార్థాన్ని తరచూ గమనించరు కనుక గుర్తుచేస్తాను. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఏకోట్ 2018 ప్రమాణాల ప్రకారం క్యాప్‌స్టోన్ అనుభవం 14 వారాలు, అంటే 560 గంటలు. పార్ట్‌టైమ్‌గా పూర్తిచేయవచ్చు గాని, సైట్‌కు వెలుపల గడిపే సమయం 20 శాతానికి మించకూడదు. లెక్క వేస్తే అది 112 గంటలు. చదువుకోవడం, రాసుకోవడం, ఫలితాలను విశ్లేషించడం అంతా ఆ 112 గంటల్లో ఇమడాలి. అంతకుముందు చేసిన ఫీల్డ్‌వర్క్‌నో (పర్యవేక్షణలో చేసే క్లినికల్ శిక్షణ) ఉద్యోగానుభవాన్నో దీనికి బదులుగా చూపడానికి వీల్లేదు. కోర్సులు, 24 వారాల లెవల్ టూ ఫీల్డ్‌వర్క్ పూర్తయిన తరువాతే ఇది మొదలవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. పూర్వ పరిశోధనల సమీక్ష, అవసరాల అంచనా, లక్ష్యాలు, మూల్యాంకన ప్రణాళిక ఈ నాలుగూ 14 వారాలకు ముందే సిద్ధమై ఉండాలని ఆ ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి. 2025 జులై 31 నుంచి అమల్లోకి వచ్చిన 2023 ప్రమాణాల్లోనూ 14 వారాలు, 560 గంటలు అన్న చట్రం అలాగే ఉంది.

ఇది పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం కాదన్న సంగతిని మీ మనసులో గట్టిగా నాటుకోండి. పరిశోధన నేపథ్యం నుంచి వచ్చిన అధ్యాపకులు తెలియకుండానే విద్యార్థి మీద సిద్ధాంత వ్యాసానికి తగిన బరువును మోపుతారు. క్యాప్‌స్టోన్‌కు 2018 ప్రమాణాలు పేర్కొన్న రంగాలు ఎనిమిది: క్లినికల్ నైపుణ్యాలు, పరిశోధన నైపుణ్యాలు, పరిపాలన, నాయకత్వం, కార్యక్రమాల మరియు విధానాల రూపకల్పన, హక్కుల కోసం వాదించడం, బోధన, సిద్ధాంత నిర్మాణం. పరిశోధన వాటిలో ఒకటి మాత్రమే. ఒక పునరావాస కేంద్రంలో కొత్త కార్యక్రమాన్ని నిలబెట్టిన విద్యార్థినిని పోల్చడానికి నియంత్రిత సమూహం ఏదని అడగడం అన్యాయం. ఆ కార్యక్రమం ఎవరి ఏ అవసరం తీర్చింది, తీర్చిందని ఎలా తెలిసింది, నువ్వు వెళ్లిపోయాక దాన్ని ఎవరు నడుపుతారు అని మాత్రం నిర్మొహమాటంగా అడగాలి.

మీ విద్యార్థుల మనసులో ఒక సందేహం ఉంటుంది, పైకి చెప్పకపోవచ్చు. 2027 నాటికి ఈ వృత్తిలో ప్రవేశానికి డాక్టరేట్ తప్పనిసరి అని ఏకోట్ 2017లో ప్రకటించింది. ఆ నిర్ణయం నిలవలేదు. 2019లో మాస్టర్స్, డాక్టరేట్ రెండూ ప్రవేశ డిగ్రీలుగా కొనసాగుతాయని తేల్చారు. మాస్టర్స్‌తోనూ ఎన్‌బీసీఓటీ (జాతీయ ధ్రువీకరణ సంస్థ) పరీక్ష రాసి లైసెన్స్ పొందవచ్చు. అలాంటప్పుడు అదనపు కాలం, అదనపు ఫీజు దేనికని ఇంట్లోవాళ్లు అడిగి ఉంటారు, అప్పు తీసుకున్నవారైతే తమను తామే అడుగుకొని ఉంటారు. ఆ అదనపు కాలానికి అర్థం కల్పించేది ప్రధానంగా క్యాప్‌స్టోనే. కాబట్టి మొదటి సమావేశంలోనే, ఈ 560 గంటల తరువాత నువ్వు ఏ పని చేయగలగాలనుకుంటున్నావు అని అడగండి. ఆ జవాబును రాయించి ఉంచండి. అంశం ఎంపికలో చిక్కు వచ్చినప్పుడల్లా ఆ కాగితమే పనికొస్తుంది.

ఇక అంశం. విద్యార్థులు సాధారణంగా అంశంతో రారు, అభిమానంతో వస్తారు. నాకు పిల్లలంటే ఇష్టం, మా తాతయ్యకు డిమెన్షియా ఉండేది, నాకు మానసిక ఆరోగ్యం మీద ఆసక్తి ఉంది అంటారు. ఇవి మంచి ఆరంభాలు, వీటిని తేలిక చేయకండి. అయితే అభిమానం నుంచి ప్రశ్నకు చేరే దారిని వారి చేత నడిపించాలి గాని మీరే ఎత్తుకొని దాటించకూడదు. నేను వరుసగా కొన్ని విషయాలు అడుగుతాను. ఎవరి గురించి మాట్లాడుతున్నావు? వారు రోజులో ఏ పని చేయలేకపోతున్నారు, లేదా చేయడానికి అవకాశం లేకుండా ఉన్నారు? ఆ అడ్డు మనిషిలో ఉందా, పరిసరాల్లో ఉందా, పనిలోనే ఉందా? 14 వారాల్లో అందులో ఏది కదులుతుంది? మేరీ లా, ఆమె సహచరులు 1996లో ప్రతిపాదించిన మనిషి, పరిసరం, వృత్తికార్యం (రోజువారీగా చేసే పని) నమూనా ఇక్కడ పాఠ్యపుస్తకంలో కన్నా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే విద్యార్థి చూపు ఎప్పుడూ మనిషి లోపం మీదికే పోతుంది, పరిసరాన్ని మార్చవచ్చన్న ఊహ ఆలస్యంగా వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, పలుమార్లు చూసిన తీరును ఒకచోట కూర్చాను. డిమెన్షియా ఉన్నవారిని చూసుకునే కుటుంబ సభ్యుల ఒత్తిడి మీద ఒక విద్యార్థిని ప్రాజెక్టు తలపెట్టింది అనుకుందాం. సైట్ ఒక అడల్ట్ డే కేర్ సెంటర్. దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం కనుక వచ్చేవారిలో తెలుగువారు, గుజరాతీలు, తమిళులు కూడా ఉన్నారు. ఆమె పరిశోధన వ్యాసాలు చదివి, కుటుంబ సభ్యులకు ఆరు వారాల తరగతులు, ఒక చిన్న పుస్తకం అని ప్రతిపాదన రాసింది. రాత బాగుంది, ఆధారాలు బలంగా ఉన్నాయి. కానీ ఆ సెంటర్‌కు పెద్దవారిని పంపే కుటుంబ సభ్యులంతా పగలు ఉద్యోగాలకు వెళ్లేవారు. సాయంత్రం తరగతికి రమ్మంటే ఎవరు వస్తారు? ఈ సంగతి డైరెక్టర్ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

అదే విద్యార్థిని ప్రతిపాదన రాయకముందు మూడు రోజులు అక్కడ కూర్చుంటే వేరే విషయం తెలిసేది. డైరెక్టర్‌తో పాటు అక్కడి సహాయకులతో, వంటగది మనిషితో, వ్యాను నడిపే డ్రైవర్‌తో మాట్లాడితే అందరూ ఒకే వేళ గురించి చెబుతారు. మధ్యాహ్నం మూడు దాటాక పెద్దవారిలో కలవరం మొదలవుతుంది, ఇంటికి పోవాలని లేస్తారు, తలుపు దగ్గరికి వెళతారు, ఒకరిని చూసి మరొకరు ఆందోళన పడతారు. సిబ్బంది టీవీ పెట్టి కూర్చోబెట్టాలని చూస్తారు, అది పనిచేయదు. ఆ గంటకు తగిన పని ఏదీ ఆ గదిలో లేదు. ఇప్పుడు ప్రశ్న మారుతుంది. మూడు నుంచి నాలుగున్నర వరకు ఈ మనుషులకు అర్థవంతమైన, చేతులకు తెలిసిన పని ఏది ఇవ్వగలం, దాన్ని నడపడానికి సహాయకులకు ఏం నేర్పాలి? చిక్కుడుకాయల ఈనెలు తీయడం, తువ్వాళ్లు మడవడం, పూలు కట్టడం వంటి పనులు అక్కడ కాలక్షేపం కావు. అరవై ఏళ్లు ఇల్లు నడిపిన చేతికి అవి తన ఉనికిని గుర్తుచేసే పనులు. కుటుంబాల ఒత్తిడి అన్న మొదటి ఆసక్తి కూడా ఎక్కడికీ పోదు, ఎందుకంటే శాంతంగా ఇంటికి చేరిన తల్లి వల్ల కూతురి సాయంత్రం తేలికపడుతుంది. విద్యార్థిని అభిమానం అలాగే ఉంది, ప్రాజెక్టు మాత్రం ఆ సెంటర్‌ది అయింది.

అవసరాల అంచనా అంటే ఇదే. ఒక ఆన్‌లైన్ సర్వే పంపి, వచ్చిన కొద్ది జవాబులను బొమ్మలుగా గీసి పెట్టడం కాదు. నా విద్యార్థుల నుంచి నేను మూడు రకాల సమాచారం కోరుతాను: మాట్లాడి తెలుసుకున్నది, చూసి తెలుసుకున్నది, అక్కడి కాగితాల్లో ఉన్నది. పడిపోయిన ఘటనల నమోదు, హాజరు పట్టిక, సిబ్బంది శిక్షణ రికార్డు వంటివి సంస్థ అనుమతితో, పేర్లు లేకుండా చూడవచ్చు. ఈ మూడూ ఒకే దిక్కు చూపితే అవసరం నిజమైనదని నమ్మవచ్చు. చూపకపోతే ఆ తేడా ఎందుకు వచ్చిందో అదే ఆసక్తికరమైన విషయం, దాన్ని విద్యార్థి చేత తవ్వించండి. పూర్వ పరిశోధనల సమీక్ష దీనికి సమాంతరంగా నడవాలి. సమీక్ష ముందే పూర్తయితే విద్యార్థి తాను చదివిన పరిష్కారాన్ని పట్టుకొని దానికి తగిన సమస్యను సైట్‌లో వెతకడం మొదలుపెడుతుంది.

సైట్ మెంటర్ ఎంపిక కూడా ఈ దశలోనే జరగాలి. మెంటర్ ఆక్యుపేషనల్ థెరపిస్టే కానవసరం లేదు. విద్యార్థి ఎంచుకున్న రంగంలో నైపుణ్యం ఉండాలి, ఆ నైపుణ్యాన్ని అనుభవం మొదలవకముందే మనం కాగితం మీద చూపగలగాలి. విధాన రూపకల్పన మీద పనిచేసే విద్యార్థికి ఒక స్వచ్ఛంద సంస్థ నిర్వాహకురాలు, గృహ మార్పుల మీద పనిచేసేవారికి ఒక ఆర్కిటెక్ట్ తగిన మెంటర్ కావచ్చు. అలాంటప్పుడు ఆక్యుపేషనల్ థెరపీ దృష్టిని నిలిపే బాధ్యత ఎక్కువగా మీ మీదే పడుతుంది. సంతకాలు పెట్టిన ఒప్పందంలో విద్యార్థి లక్ష్యాలు, మెంటరింగ్ ఎలా జరుగుతుంది, ఎవరి బాధ్యత ఏమిటి అన్నవి ఉండాలి. మీ ప్రోగ్రాంలో దీన్ని చూసుకోవడానికి డాక్టరల్ క్యాప్‌స్టోన్ కోఆర్డినేటర్ ఉంటారు, ఆ పదవి పూర్తికాల అధ్యాపకులకే ఇవ్వాలని ప్రమాణం. ఆమెతో మొదటి వారంలోనే కూర్చోండి. ఒప్పందాల మీద సంతకాలకు పెద్ద ఆసుపత్రుల న్యాయ విభాగాలు నెలలు తీసుకుంటాయి.

సైట్ మెంటర్‌తో తొలి సంభాషణలో నేను తప్పక అడిగేది ఒకటుంది. వారానికి ఒక గంట విడిగా కూర్చోగలరా? ఫీల్డ్‌వర్క్‌లో లాగా పక్కన నిలబడి చూడనవసరం లేదు, క్యాప్‌స్టోన్ విద్యార్థి సొంతంగా కదలాలి. ఆ గంట మాత్రం చెదరకూడదు. ఇంకొక చిక్కు కూడా ముందే తేల్చుకోవాలి. సిబ్బంది కొరత ఉన్నచోట 14 వారాలు ఉండే చురుకైన విద్యార్థిని చూడగానే రోజువారీ రోగుల భారం అప్పగించాలనిపిస్తుంది. అది వారి అవసరమే, కాదనను, కానీ ఒప్పందంలో లేని అవసరం. ఈ మాట చెప్పవలసింది విద్యార్థి కాదు, మీరు. మన కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు పెద్దవారికి కాదని చెప్పడం మరీ కష్టం, నవ్వుతూ తలూపి రాత్రిళ్లు మేలుకొని రెండు పనులూ చేస్తారు.

లక్ష్యాలు, మూల్యాంకనం దగ్గర విద్యార్థులకు ఎక్కువ సాయం కావాలి. శిక్షణ ఇచ్చే ప్రాజెక్టుల్లో ముందొక ప్రశ్నావళి, తరువాత అదే ప్రశ్నావళి, మధ్యలో ప్రజెంటేషన్ అన్న మూస పాతుకుపోయింది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణ మూల్యాంకనాన్ని నాలుగు అంచెలుగా చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, ప్రవర్తన మారిందా, ఫలితం వచ్చిందా. విద్యార్థులు మొదటి రెండు అంచెల వద్దే ఆగిపోతారు. పై ఉదాహరణలో సహాయకులకు ఆత్మవిశ్వాసం పెరిగిందన్న అంకె కన్నా, శిక్షణ తరువాత మూడో వారంలో మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గదిలో నిజంగా పని నడుస్తున్నదా లేదా అని విద్యార్థిని స్వయంగా చూసి నమోదు చేయడం ఎంతో విలువైనది. మూడో అంచెకు చేరే ఒక్క కొలత అయినా ప్రతి ప్రణాళికలో ఉండాలని నేను పట్టుబడతాను.

వ్యక్తుల మార్పును కొలవవలసి వస్తే కొత్త ప్రశ్నావళి తయారుచేయవద్దని చెప్పండి, పరీక్షించిన సాధనాలు ఉన్నాయి. కెనడాలో రూపొందిన సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) అనే సాధనంలో వ్యక్తే తనకు ముఖ్యమైన పనులను ఎంచుకొని, తాను వాటిని ఎలా చేస్తున్నదీ, దానితో ఎంత తృప్తిగా ఉన్నదీ 1 నుంచి 10 వరకు చెబుతారు. రెండు పాయింట్ల మార్పును అర్థవంతమైనదిగా పరిగణించడం వాడుకలో ఉంది. 1968లో కైరసుక్, షెర్మన్ ప్రతిపాదించిన గోల్ అటెయిన్‌మెంట్ స్కేలింగ్‌లో (లక్ష్యం ఎంతవరకు నెరవేరిందో కొలిచే పద్ధతి) మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు ఐదు మెట్లు ఉంటాయి, ఒక్కొక్క మెట్టు ఎలా ఉంటుందో ముందే రాసుకోవాలి. అలా రాయడం నేర్చుకున్న విద్యార్థికి లక్ష్యం అంటే ఏమిటో జీవితాంతం గుర్తుంటుంది. పాల్గొనేవారు ఎనిమిది మంది అయితే టీ టెస్టు (సగటుల తేడాను పరీక్షించే గణాంక పద్ధతి) కోసం ఆరాటపడనివ్వకండి. ఒక్కొక్కరి ముందు, తరువాతి అంకెలను పట్టికలో చూపి, వారి మాటలను జోడించి, అంతకు మించి ఏమీ చెప్పలేమని నిజాయతీగా రాయడమే డాక్టరల్ స్థాయి పని.

ఐఆర్‌బీ (మనుషులు పాల్గొనే పరిశోధనను ముందే పరిశీలించే నైతిక సమీక్ష కమిటీ) సంగతి క్లుప్తంగా చెబుతాను. కామన్ రూల్ అని పిలిచే ఫెడరల్ నిబంధన పరిశోధనను, సాధారణీకరించదగిన జ్ఞానానికి తోడ్పడేలా రూపొందించిన క్రమబద్ధమైన పరిశీలన అని నిర్వచించింది. ఒక సంస్థలో నాణ్యత మెరుగుదల కోసం చేసే ప్రాజెక్టులు చాలావరకు ఆ నిర్వచనంలోకి రాకపోవచ్చు. కానీ రాదని తేల్చేది విద్యార్థి కాదు, మీరూ కాదు. ప్రతి ప్రాజెక్టునూ ఐఆర్‌బీకి పంపి, వారి నిర్ణయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రికి సొంత ఐఆర్‌బీ ఉంటే ఎవరిది ప్రధానమో ముందే తేల్చుకోండి. ఆ ఉత్తరం చేతికి రాకముందు ఒక్క ప్రశ్నావళి కూడా ఎవరికీ ఇవ్వకూడదు. రోగుల సమాచారాన్ని భద్రంగా ఉంచాలన్నది హిపా (అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే చట్టం) చెప్పేదే అయినా, అది సొంత ల్యాప్‌టాప్‌లోకి రాకూడదన్న మాట ప్రతి విద్యార్థికీ మీ నోటితో విడిగా చెప్పండి.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. మనం పెరిగిన విద్యా సంప్రదాయంలో గురువు జవాబు ఇస్తాడు, శిష్యుడు స్వీకరిస్తాడు. ఆ గౌరవం మంచిదే, నాకు చదువు చెప్పినవారి పట్ల నాకది ఈనాటికీ ఉంది. కానీ క్యాప్‌స్టోన్‌లో జవాబు ఇచ్చిన ప్రతిసారీ విద్యార్థి తీసుకోవలసిన ఒక నిర్ణయాన్ని మనం తీసేసుకుంటున్నాం. నేను పాటించే పద్ధతి ఇది. ప్రతి సమావేశానికి ముందురోజు విద్యార్థి ఒక పేజీ పంపాలి: గత సమావేశం తరువాత తాను తీసుకున్న నిర్ణయం ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, ఇప్పుడు ఎక్కడ చిక్కుకున్నది, దాన్ని విప్పడానికి తనకు తోచిన రెండు దారులు ఏవి. దారులు లేకుండా చిక్కు మాత్రమే వస్తే సమావేశాన్ని రద్దు చేయను, ఆ దారులు వెతకడమే ఆ రోజు పని అవుతుంది. తొలి నెలల్లో నేను ఎక్కువ మాట్లాడతాను, సైట్‌కు వెళ్లాక ఎక్కువగా వింటాను. భద్రత, నైతికత, గోప్యత ఈ మూడింటి విషయంలో మాత్రం ప్రశ్నలు అడుగుతూ కూర్చోను, ఏం చేయాలో సూటిగా చెబుతాను.

రాతను దిద్దడంలో క్రమం ముఖ్యం. మొదటి ప్రతిలో వాక్యాలు ముట్టుకోకండి. వాదన నిలుస్తున్నదా, అవసరానికీ లక్ష్యానికీ కొలతకూ మధ్య దారం తెగిందా అన్నది మాత్రమే రాయండి. లక్ష్యం మారబోతున్న పేజీలో కామాలు దిద్దడం ఇద్దరి సమయమూ వృథా చేయడమే. రెండో ప్రతిలో ఒక పేజీని క్షుణ్ణంగా దిద్ది, మిగిలినదాన్ని అదే తీరులో తననే దిద్దుకోమనండి. ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్నవారి విషయంలో, కుటుంబంలో తొలిసారి కళాశాలకు వచ్చినవారి విషయంలో, దిద్దిన ఎర్రగీతలు చూసి తాము ఈ చదువుకు తగమని అనుకునే ప్రమాదం ఉంది. బాగున్న వాక్యం దగ్గర అది ఎందుకు బాగుందో రాయడం వారికి మెప్పు కోసం కాదు, దేన్ని మళ్లీ చేయాలో తెలియడం కోసం. మీరే తిరగరాసిన పేరాను మాత్రం ఎన్నడూ పంపకండి. అది అందంగానే ఉంటుంది, కానీ ప్రజెంటేషన్ రోజున ఆ పేరా మీద ప్రశ్న వేస్తే నిలబడవలసింది ఆ విద్యార్థి.

ఇంత చేసినా సైట్‌లో పరిస్థితులు మారతాయి. సైట్ మెంటర్ ఉద్యోగం మానేస్తారు, పాల్గొంటామన్నవారు రారు, సంస్థకు నిధులు ఆగిపోతాయి. అప్పుడు మీరు మొదట విడదీయవలసింది, మారినది సైటా లేక సాగనిది విద్యార్థి పనా అన్నది. సైట్ మారితే లక్ష్యాలు మార్చడం తప్పు కాదు. మార్పును రాతలో పెట్టి, మీరు, సైట్ మెంటర్, కోఆర్డినేటర్ సంతకాలు చేసి, ఐఆర్‌బీకి సంబంధం ఉంటే సవరణ పంపండి. పాల్గొనేవారు రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకోవడం దానికదే ఫలితం. రవాణా లేదా, వేళ కుదరలేదా, పిలిచిన భాష వారిది కాదా అని వెతికి రాసిన నివేదిక, మొక్కుబడిగా నిండిన పది ప్రశ్నావళుల కన్నా ఆ సంస్థకు ఎక్కువ పనికొస్తుంది. మెంటర్ వెళ్లిపోతే మాత్రం ఆగకూడదు, నైపుణ్యం ఉన్న మరొకరు లేకుండా గడిచే గంటలను సమర్థించడం కష్టం. అందుకే ఒప్పందం రాసేటప్పుడే ప్రత్యామ్నాయ మెంటర్ పేరు అడిగి ఉంచుకోవాలి.

సాగనిది విద్యార్థి పని అయితే ఏడో వారం దాకా ఎదురుచూడకండి. మూడో వారానికే సంకేతాలు కనబడతాయి: పంపవలసిన పేజీ రాదు, గంటల నమోదు ఒకేసారి వెనక్కి నింపినట్టు ఉంటుంది, సైట్ మెంటర్ పొడిపొడిగా జవాబిస్తారు. వెంటనే మాట్లాడండి, ముందు కారణం వినండి. ఇంటి సమస్య, ఆరోగ్యం, రాత్రి ఉద్యోగం, మానసిక కుంగుబాటు ఏదైనా ఉండవచ్చు, వాటికి విశ్వవిద్యాలయంలో ఉన్న సహాయాన్ని చూపించండి. తరువాత చేయవలసిన పనిని, గడువును రాసి ఇవ్వండి. ముగ్గురూ కూర్చొనే మధ్యంతర సమీక్ష ఏడో వారంలో ఎలాగూ ఉండాలి, అక్కడ ఎవరికీ కొత్త సంగతి తెలియకూడదు. దయతో గడువు దాటవేస్తూ చివర్లో ఫెయిల్ చేయడం కన్నా మూడో వారంలో కఠినంగా మాట్లాడటమే ఆ విద్యార్థికి చేసే మేలు.

పదో వారం నుంచి అప్పగింత మొదలవ్వాలి. పద్నాలుగో వారంలో ఒక బైండరు బల్ల మీద పెట్టి వచ్చేస్తే అది అల్మారాలోకి పోతుంది. చివరి నాలుగు వారాల్లో కార్యక్రమాన్ని సిబ్బందే నడపాలి, విద్యార్థి పక్కన కూర్చొని చూసి, వారు తడబడిన చోటల్లా సూచనల కాగితాన్ని సరిచేయాలి. విశ్వవిద్యాలయానికి ఇచ్చే నివేదిక వేరు, సంస్థకు ఇచ్చేది వేరు. రెండోది రెండు పేజీలకు మించకుండా, సహాయకులు చదువుకొని వాడుకొనే భాషలో ఉండాలి. ఏఓటీఏ (అమెరికా ఆక్యుపేషనల్ థెరపీ సంఘం) వార్షిక సమావేశంలోనో రాష్ట్ర సంఘం సమావేశంలోనో పోస్టరు వేయడానికి ప్రోత్సహించండి. వ్యాసంగా ప్రచురిస్తే మొదటి రచయిత విద్యార్థే. మీ పేరు ఉండాలా అన్నది మీరు నిజంగా చేసిన మేధో కృషిని బట్టి ఉండాలి, పదవిని బట్టి కాదు. ఆ సంభాషణ తొలి నెలల్లోనే జరిగితే తరువాత మనస్పర్థలు రావు.

మీ విద్యార్థుల్లో ఒకరు క్యాప్‌స్టోన్‌ను హైదరాబాద్‌లో చేయాలనుకుంటున్నారని రాశారు. సాధ్యమే, కానీ ప్రయాణపు ఉత్సాహం అవసరాల అంచనాకు బదులు కాకూడదు. సైట్ వెలుపలి గంటల పరిమితి అక్కడా వర్తిస్తుంది కనుక వారమంతా అక్కడే ఉండగలగాలి. అక్కడి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా కావాలి, భారతదేశంలో వారు 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నైతిక మార్గదర్శకాలను అనుసరిస్తారు. ఇక్కడి కొలతల సాధనాలు అక్కడి జీవితానికి అతకకపోవచ్చు. కింద కూర్చొని తినే, కింద కూర్చొని వంటచేసే ఇంట్లో స్వతంత్రత అంటే ఏమిటో అక్కడి థెరపిస్టులే చెప్పాలి. మేధో వైకల్యం మీద ఆసక్తి ఉంటే సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. ఆ రంగంలో అక్కడ దశాబ్దాల అనుభవం ఉంది. విద్యార్థి వారి దగ్గర నేర్చుకోవడానికి వెళుతున్నదా, వారికి నేర్పడానికి వెళుతున్నదా అన్నది ఆమె మొదటి ఈమెయిల్‌లోనే వారికి తెలిసిపోతుంది కనుక ఆ ఉత్తరాన్ని పంపకముందు మీరు చదవండి.

మీ సొంత భారం గురించి కూడా ఒక మాట. నలుగురిని మెంటర్ చేయడం బోధన భారంలో ఎంతగా లెక్కిస్తారో విభాగాధిపతిని ఇప్పుడే అడిగి రాతలో తీసుకోండి. నలుగురి ముసాయిదాలూ ఒకే వారం రాకుండా గడువులను వారం వారం దూరంగా పెట్టండి. నెలకొకసారి నలుగురినీ కలిపి కూర్చోబెట్టి ఒకరి అవసరాల అంచనాను మరొకరి చేత ప్రశ్నింపజేయండి. మీరు అడగాలనుకున్న ప్రశ్నల్లో సగం వారే అడుగుతారు.